సరిచేసిన పన్ను మళ్లీ తిరగడానికి కారణం చిగుళ్ల నారలు

బ్రేసెస్ తీసిన 6 నెలలకే పన్ను మళ్లీ మెలి తిరిగిందంటే, కారణం ఎక్కువగా చిగుళ్లలోని నారలే. పన్ను మెడ చుట్టూ ఉండే ఈ నారలు సాగదీసిన రబ్బరులా వెనక్కి లాగుతాయి. అవి కుదురుకోవడానికి ఏడాదికి పైగా కూడా పట్టొచ్చు.

1. పాత రిటైనర్ (పళ్లు కదలకుండా పట్టి ఉంచే తొడుగు) పళ్లకు పూర్తిగా సరిపోతే ఈ రాత్రే పెట్టుకోండి. కాస్త బిగుతు ఫర్వాలేదు. అంచు పైకి లేస్తుంటే నొక్కకండి, ఆర్థోడాంటిస్టుకు (పళ్ల వరస సరిచేసే డాక్టరుకు) చూపించండి.

2. చాలామంది అడగనిది ఇదే: ఫైబరాటమీ. మళ్లీ బ్రేసెస్ వేసి పన్ను తిన్నగా చేశాక, వాటిని తీయకముందే, మత్తిచ్చి ఆ నారలను కోస్తారు. చిన్న పనే. మీ పంటికి అవసరమా అని తప్పక అడగండి.

3. తర్వాత పళ్ల వెనక సన్నని తీగ అంటించమనండి. అది ఉందని రాత్రి రిటైనర్ మానొద్దు. తీగ ఒక పన్ను దగ్గర ఊడినా తెలియదు, అప్పుడప్పుడు నాలుకతో తడిమి చూసుకోండి.