స్టీరింగ్ బరువైతే ర్యాక్ మార్చాల్సిందేనా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు స్టీరింగ్ గురించే. కొండకు ట్రిప్పులు కొట్టే డ్రైవరన్న దగ్గర్నుంచి చిత్తూరు టీచరమ్మ దాకా అందరిదీ ఒకటే గోడు: స్టీరింగ్ బరువైంది, మెకానిక్ పెద్ద లెక్క చెప్పాడు, నమ్మాలా వద్దా? ఒక మాట ముందే చెప్పేస్తాను. షెడ్డుకు పోయి ‘బరువుగా ఉంది’ అంటే సరిపోదు. బండి ఆగి ఉన్నప్పుడు బరువా, పోతున్నప్పుడా? పొద్దున తీయగానేనా, గంటసేపు తిరిగాకా? రెండు పక్కలా, ఒక పక్కేనా? ఇవి చూసుకుని పోతే మెకానిక్ కూడా నోటికొచ్చింది చెప్పలేడు.

ప్రశ్న: అన్నా, నాది పాత ఇన్నోవా, డీజిల్. తిరుమలకు బాడుగ ట్రిప్పులు కొడతాను. కొన్నాళ్లుగా ఘాట్‌లో మలుపు తిప్పినప్పుడల్లా బానెట్ లోపల ‘ఉయ్య్’మని ఏడ్చినట్టు శబ్దం వస్తోంది. అలిపిరి తనిఖీ లైన్లో మెల్లగా కదిలేటప్పుడైతే భుజాలు లాగేస్తున్నాయి. షెడ్డులో చూపిస్తే ర్యాక్ పోయింది, పంపు కూడా మార్చేయమన్నారు. అంత డబ్బు ఒక్కసారిగా యాడ తెచ్చేది?
ట్యాక్సీ డ్రైవర్, తిరుపతి

జవాబు: ఆగు తమ్ముడూ, అప్పుడే ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను పక్కకు తోసే భాగం) దాకా పోవద్దు. నీ బండిలో స్టీరింగ్‌కు బలమిచ్చేది ఆయిల్. ఇంజిన్ బెల్ట్ పంపును తిప్పుతుంది, పంపు ఆ ఆయిల్‌ను ర్యాక్‌లోకి తోస్తుంది, బండి నిలబడి ఉండగా పూర్తిగా తిప్పినప్పుడు ఆ ఒత్తిడి 1000 పీఎస్ఐ దాటిపోతుంది. ఏడుపు శబ్దం అన్నావు కదా, అది చాలావరకు పంపుకు ఆయిల్ చాలనప్పుడో, ఆయిల్‌లో గాలి కలిసినప్పుడో వచ్చేది. ర్యాక్ పాడైతే ఆయిల్ కారుతుంది, లేదా గుంతల్లో లొడలొడమంటుంది, ఇలా ఏడవడం తక్కువ.

రేపు పొద్దున బండి తీసే ముందే స్టీరింగ్ ఆయిల్ డబ్బా చూడు. లెవెల్ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో పోతున్నట్టే, ఎందుకంటే ఇది ఇంజిన్ ఆయిల్ మాదిరి కొంచెం కొంచెం కాలిపోయే సరుకు కాదు, మూసిన దారిలో తిరుగుతుండేది. తెల్లగుడ్డ కొసను అందులో ముంచి తీయి. ఎర్రగా ఉంటే మంచిదే, డికాషన్ రంగుకు తిరిగి మాడు వాసన కొడితే ఆయిల్ మార్చే టైం ఎప్పుడో దాటిపోయింది. తర్వాత ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని, నువ్వు డబ్బాలోకి చూడు. నురగ లేస్తోందంటే ఎక్కడో గాలి దూరుతోంది.

‘కింద ఒక్క చుక్క కూడా పడలేదన్నా, లీకు ఎక్కడిది’ అని ఇక్కడే చాలామంది అడుగుతారు. డబ్బా నుంచి పంపుకు పోయే లావుపాటి గొట్టం ఒకటి ఉంటుంది, దాని గుండా పంపు ఆయిల్‌ను పీల్చుకుంటుంది. పీల్చే గొట్టం కాబట్టి దాని క్లిప్పు వదులైనా, రబ్బరు ఎండి పగుళ్లు వచ్చినా ఆయిల్ బయటికి రాకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. ఇంజిన్ ఆపి ఆ గొట్టాన్ని చివర్ల దగ్గర వంచి చూడు, పగుళ్లు ఉంటే కంటికే కనిపిస్తాయి. గొట్టానికి, రెండు క్లిప్పులకు అయ్యే ఖర్చు ర్యాక్ ముందు ఏపాటి? చాలా బండ్లలో డబ్బా అడుగున సన్నటి జల్లెడ కూడా ఉంటుంది, ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌లోని మడ్డంతా దానికి పట్టేస్తే పంపుకు ఆయిల్ అందదు, అప్పుడూ ఇదే ఏడుపు.

ఏడుపు కాకుండా ‘కీచ్’మని అరుస్తుంటే బెల్ట్ జారుతోందని అర్థం. పంపు సంగతి తేల్చుకోవాలంటే బండి నిలబెట్టి ముందు ఐడిల్‌లో తిప్పు, తర్వాత యాక్సిలరేటర్ కొంచెం తొక్కి 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టి తిప్పు. అప్పుడు తేలికైపోతే పంపు అరిగిందో, బెల్ట్ జారుతోందో అనుకో. ఎంత తొక్కినా బరువే అయితే ముందు టైర్లలో గాలి చూడు (నవ్వొద్దు, గాలి తగ్గిన ముందు టైర్లతో పంపు మార్పించుకున్న వాళ్లున్నారు), ఆ తర్వాతే ర్యాక్ మాట. ర్యాక్ రెండు కొసల్లో మడతల రబ్బరు తొడుగులుంటాయి, వాటిని చేత్తో నొక్కితే లోపల ఆయిల్ కదిలినట్టు తెలిస్తే సీల్ పోయింది. అప్పుడైనా కొత్త ర్యాక్ ఒక్కటే దారి కాదు, సీల్ కిట్ వేసి బాగుచేసే వాళ్లున్నారు. కాకపోతే లోపలి షాఫ్ట్ మీద గీతలో తుప్పో ఉంటే కొత్త సీల్ కూడా నిలవదు, అందుకే విప్పేటప్పుడు దగ్గరుండి నీ కళ్లతో చూసుకో. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ గొట్టాల మీద చెయ్యిపెట్టి లీకు వెతకొద్దు, ఆ ఒత్తిడికి సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుంది.

ఆయిల్ మార్పిస్తే గాలి తీయడం సరిగా చేయించు. ముందు చక్రాలు లేపి స్టాండ్ల మీద పెట్టి, ఇంజిన్ ఆన్ చేయకుండా, స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు నిదానంగా తిప్పుతూ, తగ్గిన ఆయిల్ పోస్తూ, బుడగలు ఆగేదాకా చేయాలి. ఆ తర్వాతే స్టార్ట్ చేయడం. మొదటే స్టార్ట్ చేసి గబగబా తిప్పేస్తే గాలి ఆయిల్‌లో కలిసిపోయి నురగైపోతుంది, మళ్లీ గంటలు గంటలు కూర్చోవాలి. నీ ఇన్నోవాకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఆయిల్) సరిపోతుంది. అన్ని బండ్లకూ అదే పోయమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, హోండాకు దాని ఆయిల్ వేరు, కొన్ని యూరప్ కార్లకు పచ్చరంగుది వాడతారు.

ఇంకో సంగతి. మలుపులో స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అక్కడే బిగబట్టే అలవాటు ఉంటే మానుకో. అక్కడ ఒత్తిడి మితిమీరకుండా చూసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ పంపులోనే సుడి తిరుగుతూ కాగిపోతుంది. కొసకు తగిలిందనిపించగానే కొంచెం వెనక్కి వదిలితే చాలు.

ప్రశ్న: మాది చిన్న పెట్రోల్ కారు, పవర్ స్టీరింగ్ ఉంది. పొద్దున స్కూలుకు బయల్దేరేటప్పుడు మీటర్లో స్టీరింగ్ బొమ్మ వెలిగి, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటోంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పోతోంది. స్టీరింగ్ ఆయిల్ పోయిద్దామంటే డబ్బా ఎక్కడుందో కనిపించడం లేదు.
టీచర్, చిత్తూరు

జవాబు: కనిపించదమ్మా, మీ కారుకు ఆ డబ్బానే లేదు. మీది ఎలక్ట్రిక్ స్టీరింగ్, ఆయిల్ చేసే పని అక్కడ చిన్న మోటారు చేస్తుంది. ఈ మోటారు కారు ఆగి ఉన్నప్పుడు తిప్పితే పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది, కాబట్టి బ్యాటరీ నీరసించినప్పుడు ముందుగా మొరాయించేవాటిలో ఇదీ ఒకటి. పొద్దునే రావడం, మళ్లీ స్టార్ట్ చేస్తే పోవడం చూస్తే నాకు బ్యాటరీ మీదే అనుమానం.

రాత్రంతా ఆపి ఉంచిన కారుకు పొద్దున మీటరు పెట్టిస్తే 12.4 నుంచి 12.6 వోల్టుల మధ్య చూపించాలి, ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య. రెండోది తక్కువ చూపిస్తే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. రెండూ బాగున్నా బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుందేమో, బాడీకి బిగించిన ఎర్త్ వైరు వదులైందేమో చూడమనండి. అక్కడా ఏమీ లేకపోతే స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించండి, కోడ్ ఏమొచ్చిందో రాయించుకోండి. చక్రం దగ్గరుండే స్పీడ్ సెన్సార్ పాడైనా కొన్ని కార్లలో ఈ లైటు వెలుగుతుంది. కోడ్ చూడకుండా మోటారు మార్చమనే చోట కారు వదలొద్దు. బ్యాటరీ మార్చాక లైటు పోకపోతే భయపడకండి, చాలా కార్లలో ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్‌ను ఒకసారి అటు చివరికి, ఇటు చివరికి తిప్పి మధ్యకు తెస్తే ఆరిపోతుంది.

ప్రశ్న: తిరుమల నుంచి దిగేటప్పుడు అంతా పల్లమే కదా, ఇంజిన్ ఆపేసి వస్తే డీజిల్ మిగులుతుందని మా బంధువు అంటాడు. ఆయన అలాగే దిగుతాడట. నిజమేనా?
రిటైర్డ్ ఉద్యోగి, చంద్రగిరి

జవాబు: వద్దు సార్, దయచేసి వద్దు. మీ బంధువు ఇన్నాళ్లూ క్షేమంగా దిగుతున్నాడంటే అది ఆ ఏడుకొండలవాడి చలవ, ఆయన డ్రైవింగ్ గొప్పేమీ కాదు. దిగే దారి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, దాని నిండా హెయిర్‌పిన్ మలుపులే. ఇంజిన్ ఆపితే పంపు ఆగుతుంది, స్టీరింగ్ తిరుగుతుంది గాని ఒక్కసారిగా బరువైపోతుంది, అదీ మలుపు మధ్యలో. బ్రేకులకు బలమిచ్చే వాక్యూమ్ కూడా రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోతుంది, ఆ తర్వాత నిలబడి తొక్కినా బండి ఒక పట్టాన ఆగదు. తాళం చెవి పొరపాటున ఇంకో మెట్టు తిప్పి లాగేస్తే చాలా బండ్లలో స్టీరింగ్ లాకే పడిపోతుంది, దాని గురించి ఆలోచించడానికే నాకు టెన్షన్.

సరే, డీజిల్ మిగులుతుందా అంటే అదీ లేదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరు వేసి ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, పల్లంలో బండి దానంతటది పోతున్నంతసేపు ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి. అంటే రెండో గేరులోనో మూడో గేరులోనో దిగుతుంటే ఖర్చు ఎలాగూ దాదాపు సున్నా, పైగా ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాగవు. న్యూట్రల్‌లో దిగేవాడికే ఐడిల్ డీజిల్ ఖర్చవుతుంది. ఎలాగూ 40 నిమిషాల లోపు దిగకూడదన్న నిబంధన ఉంది, తొందర దేనికి?

ప్రశ్న: మొన్న వానకు తిరుపతి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లలో పోయాను. బయటికి రాగానే స్టీరింగ్ బిగుసుకుపోయి కీచుమని అరిచింది, కాసేపటికి దానంతటదే బాగైపోయింది. చూపించాలా?
వ్యాపారి, రేణిగుంట

జవాబు: బెల్ట్ తడిసి జారింది, ఆరగానే పట్టు దొరికింది. ఒక్కసారే అయితే గమ్మున వదిలేయొచ్చు. చిన్న వానకే ఇలా అవుతుంటే బెల్ట్ అరిగిందో, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ వదులైందో చూపించండి. అసలు చక్రం మధ్య దాకా నీళ్లున్న చోటికి కారు దించకండి, ఇంజిన్ నీళ్లు మింగితే స్టీరింగ్ సంగతి మర్చిపోవాల్సి వస్తుంది.

ప్రశ్న: మా కారు ఎలక్ట్రిక్ స్టీరింగే. ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ కొంచెం కదిపినా చేతికి తెలిసేలా ‘టక్ టక్’ అంటోంది. స్టీరింగ్ కాలమ్ మొత్తం మార్చాలన్నారు, ఆ రేటు వినేసరికి కళ్లు తిరిగాయి. అలైన్‌మెంట్ చేయించినా బండి కొంచెం ఎడమకే పోతోంది, అది కూడా దీనివల్లేనా?
పాఠకుడు, పలమనేరు

జవాబు: మొదటిదానికి ఆశ ఉంది. కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ భాగం) మీద మోటారు ఉండే కొన్ని కార్లలో, మోటారుకు, లోపలి గేరుకు మధ్య వేలికొన మీద పట్టేంత రబ్బరు కప్లింగ్ ఒకటి ఉంటుంది, నక్షత్రం ఆకారంలో. అది ఎండకు, వయసుకు పెళుసై ముక్కలైతే సరిగ్గా మీరు చెప్పిన శబ్దమే వస్తుంది. ముక్క ఖరీదు చాలా తక్కువ, కాలమ్ దించి ఎక్కించే కూలే ఎక్కువ. ‘కప్లింగ్ చూశారా’ అని ఆ మాటే అడగండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ కాబట్టి తెలిసినవాళ్లే విప్పాలి, బ్యాటరీ వైరు తీసి కాసేపు ఆగాకే చెయ్యి పెట్టాలి. శబ్దం ఆగి ఉన్నప్పుడు కాకుండా మొగిలి ఘాట్ దిగుతూ గుంతల్లో పడ్డప్పుడే వస్తుంటే మాత్రం అది కప్లింగ్ కాదు, కింద లింక్ రాడ్లు, టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించాలి.

ఎడమకు పోవడానికి దీనికి సంబంధం లేదు. మన రోడ్లు వాన నీళ్లు జారడానికి అంచుల వైపు వాలుగా వేస్తారు, ఎడమ పక్కన పోయే బండి కొంచెం ఎడమకు జారడం మామూలే. ఖాళీగా, సమంగా ఉన్న చోటు చూసి అక్కడ కూడా లాగుతుందేమో పరీక్షించండి. లాగుతుంటే ముందు టైర్లు రెండింటినీ అటుది ఇటు మార్చి చూడండి (బాణం గుర్తు ఉన్న టైర్లు అలా మార్చకూడదు). ఇప్పుడు కుడికి లాగితే తప్పు టైరుది, మళ్లీ అలైన్‌మెంట్‌కు డబ్బులు పెట్టక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి పవర్ స్టీరింగ్ డబ్బాలో పొరపాటున బ్రేక్ ఆయిల్ పోశాడు. ఏం చేసేది?
రైతు, పీలేరు

జవాబు: స్టార్ట్ చేయకుండా ఉంటే అదృష్టం. అలాగే ఉంచి, సిరంజితో డబ్బా మొత్తం తోడేయించి, గొట్టాలు విప్పి కడిగించి, సరైన ఆయిల్ పోయించాలి. తోసుకుని పోండి గాని నడపొద్దు. బ్రేక్ ఆయిల్ వేరే జాతిది, పవర్ స్టీరింగ్ సీళ్లు దానికి ఉబ్బి మెత్తబడిపోతాయి. ఇప్పటికే ఊళ్లో ఒక చుట్టు తిప్పి ఉంటే సిస్టమ్ మొత్తం కడిగించి, కొన్ని వారాల పాటు ర్యాక్ తొడుగుల దగ్గర, పంపు దగ్గర తడి కనిపిస్తోందేమో చూస్తూ ఉండండి. కనిపిస్తే సీల్ కిట్ తప్పదు.