డాక్టర్ సలహా: అరవై దగ్గరపడ్డాక జ్ఞానదంతం తీయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మాది నెల్లూరు జిల్లా. పెళ్లయినప్పటి నుంచి చెన్నై పెరంబూరులోనే ఉంటున్నాం. మావారు ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. నాకు పదేళ్లుగా షుగర్ ఉంది, ఈమధ్య షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.2 వచ్చింది. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రోజూ ఎకోస్ప్రిన్ ఏవీ అనే గుండె మాత్ర వేసుకుంటాను. కుడివైపు కింది జ్ఞానదంతం దగ్గర ఆరు నెలల్లో రెండుసార్లు వాచింది. ఎక్స్‌రే తీసి, ఆ పన్ను ఏటవాలుగా ముందు పన్ను మీదికి ఒరిగిందని, ముందు పన్ను వెనకవైపు పుచ్చుతోందని, పంటి వేళ్లు నరానికి దగ్గరగా ఉన్నాయని చెప్పారు. ఒక డాక్టరు తీసేయాలన్నారు, ఇంకొకరు ఈ వయసులో ముట్టుకోవద్దన్నారు. రక్తం ఆగదేమోనని మూడు రోజులుగా గుండె మాత్ర మానేశాను. రాత్రిళ్లు లవంగం పెట్టుకుని పడుకుంటున్నాను. రెండు నెలల్లో అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాలి. పన్ను పీకిస్తే మూతి వంకరపోతుందని, చూపు తగ్గుతుందని మా తోడికోడలు భయపెడుతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: పన్ను సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గుండె మాత్ర ఈరోజే మళ్లీ మొదలుపెట్టండి. మానేసిన మూడు రోజులవీ కలిపి వేసుకోకండి, రోజూ వేసుకునే వేళకు ఒకటి చాలు. మీ గుండె డాక్టరుకు ఫోన్ చేసి మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. ఛాతీలో బరువుగా ఉన్నా, ఆయాసం వచ్చినా, ఊరికే చెమటలు పట్టినా ఫోన్లతో కాలయాపన చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే పని చేస్తారు. 'పన్ను పీకుతారని వారం ముందే రక్తం పలచబడే మాత్ర ఆపేశాను డాక్టర్‌గారూ' అని ఏదో మెప్పు పొందే పని చేసినట్టు చెబుతారు. పన్ను తీసిన చోట రక్తం వస్తే కళ్లకు కనిపిస్తుంది. గాజుగుడ్డ పెట్టి నొక్కవచ్చు, కుట్టు వేయవచ్చు, రక్తం గడ్డకట్టే మందు ఆ గుంటలోనే పెట్టవచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే అది ఎవరికీ కనిపించదు. అందుకే ఆస్పిరిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు ఆపకుండానే పన్ను తీస్తాం. కాస్త ఎక్కువసేపు రక్తం ఊరుతుంది, అంతే. ఇంకో మాట, మీ ఏవీ క్యాప్సూల్‌లో ఆస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్ మందు కూడా ఉంటుంది. ఒకటి మానేశాననుకుని మీరు రెండు మానేశారు. ఇదే చదువుతున్న మరొకరు ఎకోస్ప్రిన్ గోల్డ్ రకం వేసుకుంటూ ఉండవచ్చు, అందులో రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంకో మందు క్లోపిడోగ్రెల్ కూడా కలిసి ఉంటుంది. గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకైతే పన్ను తీసే ముందు రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తప్పనిసరి. ఏది ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరు, పళ్ల డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. పేషెంటు ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు.

ఇక పన్ను. నా మాట సూటిగా చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి మీ పన్ను తీయించుకోవాల్సిందే, కానీ వచ్చే వారమే కాదు.

మీకు చెప్పిన ఇద్దరు డాక్టర్ల మాటల్లోనూ నిజం ఉంది. జ్ఞానదంతం సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య బయటికి వస్తుంది. ఆ వయసులో దాని వేళ్లు పూర్తిగా పెరిగి ఉండవు, చుట్టూ ఎముక కాస్త మెత్తగా సాగుతుంది. యాభై దాటాక అదే ఎముక గట్టిపడుతుంది, పన్నుకూ ఎముకకూ మధ్య ఉండే సందు సన్నబడుతుంది. కాలేజీ పిల్లకు పది పదిహేను నిమిషాల్లో ఊడివచ్చే పన్ను మీకు ముక్కలుగా కోసి తీయాల్సి రావచ్చు. వాపు, నొప్పి ఎక్కువ రోజులు ఉంటాయి, మానడం ఆలస్యమవుతుంది. 'ముట్టుకోవద్దు' అన్నవారు ఇవి ఆలోచించే అని ఉంటారు. ఎముకలో పూర్తిగా పూడుకుపోయి, ఏ బాధా పెట్టని పన్నయితే నేనూ అదే చెబుతాను. ముందుజాగ్రత్త పేరుతో రోగం లేని జ్ఞానదంతాలు తీయొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2000లోనే చెప్పింది. 65 ఏళ్లాయనకు ఎక్స్‌రేలో లోపలెక్కడో పడుకున్న పన్ను కనిపించిందని కత్తి పట్టుకుని పరుగెత్తక్కర్లేదు. అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి గమనిస్తే చాలు.

మీ పన్ను అలా ఊరికే పడుకుని లేదు. ఆరు నెలల్లో రెండుసార్లు వాచింది. అంతకన్నా ముఖ్యం, ముందు పన్నును పాడుచేస్తోంది. నడివయసు దాటినవాళ్లలో జ్ఞానదంతం తెచ్చే అసలు నష్టం ఇదే. ఒరిగిన పన్నుకూ ముందు దవడ పన్నుకూ మధ్య మూలలో అన్నం మెతుకు, పప్పు చిక్కుకుంటాయి. అక్కడికి బ్రష్ వెళ్లదు, నాలుక అందదు. చిగురు కింద పుచ్చుతూ ఉంటుంది, నొప్పి మొదలయ్యేసరికి పన్ను లోపలి దాకా వెళ్లిపోతుంది. ముందు పన్నుకు ఎన్నిసార్లు ఫిల్లింగ్ చేయించినా, ఒరిగినది అక్కడే ఉంటే మళ్లీ పుచ్చుతుంది. చాలాసార్లు ఫిల్లింగ్ చేయడానికి పరికరం కూడా దూరదు. జ్ఞానదంతం లేకపోయినా మీకు లోటేమీ ఉండదు. ముందు దవడ పన్ను పోతే మాత్రం కుడివైపు నమలడమే కుంటుపడుతుంది.

ఇప్పుడు నరం సంగతి. మీ తోడికోడలు చెప్పిన 'మూతి వంకర' ఇక్కడ జరగదు. మూతిని కదిలించే నరం వేరు, అది కింది దవడ ఎముక లోపలికి రాదు. ఎముక లోపల సన్నని సొరంగంలోంచి వెళ్లే నరం కింది పళ్లకు, కింది పెదవికి, గడ్డానికి స్పర్శ మాత్రమే ఇస్తుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారుతుంది. అదెలా ఉంటుందంటే, కాఫీ టంబ్లర్ అంచు పెదవికి ఆనిందో లేదో తెలియదు. గడ్డం మీద కాఫీ కారినా ఎదుటివాళ్లు చెప్పాలి. చూసేవాళ్లకు ముఖంలో తేడా కనిపించదు, అనుభవించేవాళ్లకు మాత్రం విసుగు. ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. కొద్దిమందికి ఉండిపోతుంది. వయసు పెరిగేకొద్దీ నరం కోలుకోవడం నెమ్మదిస్తుంది కాబట్టి మీ విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోను. నాలుక వైపు ఇంకో నరం ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే నాలుక సగం తిమ్మిరెక్కినట్టు ఉండి, రుచి మారుతుంది. ఇది కూడా ఆపరేషన్‌కు ముందే మీకు చెప్పి సంతకం తీసుకోవాలి.

మీ ఎక్స్‌రే ఫిల్ము ఇంట్లో ఉంటే కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. దవడ పళ్ల వేళ్ల కింద రెండు సన్నని తెల్లగీతలు పక్కపక్కన వెళ్తుంటాయి, రైలు పట్టాల్లా. మీవారు ఒక్క చూపులో పట్టేస్తారు. ఆ పట్టాల మధ్య నల్లగా కనిపించేదే నరం దారి. జ్ఞానదంతం వేరు దగ్గరికి వచ్చేసరికి పై పట్టా చెరిగిపోయినా, ఆ చోట వేరు నల్లబడినా, దారి ఉన్నట్టుండి పక్కకు ఒంగినా వేరు నరాన్ని ఆనుకుని ఉందేమోనని అనుమానిస్తాం. మామూలు ఎక్స్‌రేలో ఒకదాని మీద ఒకటి పడి దగ్గరగా ఉన్నట్టు కనిపించవచ్చు. నిజంగా ఆనుకుందా, పక్కగా వెళ్తోందా అన్నది సీబీసీటీ అనే త్రీడీ స్కాన్‌లో తెలుస్తుంది. 'దగ్గరగా ఉంది' అన్న ఒక్క మాట మీద మీరు తీయించుకోనూ వద్దు, మానుకోనూ వద్దు. స్కాన్ చూశాక నిర్ణయం.

నిజంగానే ఆనుకుని ఉంటే ఇంకో దారి ఉంది. కరోనెక్టమీ అంటారు. పన్ను పైభాగాన్ని మాత్రం కోసి తీసేసి, వేళ్లను ఎముకలోనే వదిలేసి చిగురు కుట్టేస్తాం. ముందు పన్నును పాడుచేసేది పైభాగమే కదా. వదిలేసిన వేళ్లు చాలామందికి ఏ ఇబ్బందీ పెట్టవు. కొందరిలో నెమ్మదిగా పైకి జరుగుతాయి, ఎప్పుడైనా తీయాల్సి వచ్చినా అప్పటికి నరానికి దూరమై ఉంటాయి. అయితే వేళ్లలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, పన్ను కదులుతున్నా ఇది పనికిరాదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు కూడా నేను చేయను.

షుగరే మీకు ఇప్పుడు పెద్ద పని. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు, రెండు వారాల్లో అది పెద్దగా మారదు. రోజువారీ షుగర్‌ను మాత్రం మార్చవచ్చు. మీ షుగర్ డాక్టరును కలిసి, ఆపరేషన్ వరకు పరగడుపున, తిన్నాక చూసుకుని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆపరేషన్ ఉదయం పూట పెట్టించుకోండి. లోకల్ మత్తు ఇంజెక్షన్‌తోనే చేస్తారు కాబట్టి మామూలుగా టిఫిన్ తిని, మాత్ర వేసుకునే వెళ్లాలి. ఏమీ తినకుండా షుగర్ మాత్ర వేసుకుని వచ్చి కుర్చీలో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను చూశాను. తర్వాతి రెండు రోజుల్లో కూడా ఇదే ప్రమాదం. నోరు నొప్పిగా ఉందని సరిగ్గా తినరు, మాత్ర మాత్రం అలవాటుగా వేసేసుకుంటారు, షుగర్ పడిపోతుంది. చల్లారిన రాగి జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, పప్పుకట్టులో నానబెట్టిన ఇడ్లీ, ఏదో ఒకటి వేళకు కడుపులో పడాలి. పన్ను పీకించుకుంటే ఐస్‌క్రీమ్ తినాలన్నది మీకు వర్తించదు, చల్లని మజ్జిగ చాలు.

మీరు రాయని ఒక సంగతి అడగాలి. ఎముకలు గుల్లబారకుండా వారానికోసారి మాత్రగానీ, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఇంజెక్షన్‌గానీ తీసుకుంటున్నారా? ఈ వయసు ఆడవాళ్లలో చాలామంది తీసుకుంటారు, పళ్ల డాక్టరుకు చెప్పాలని వాళ్లకు తట్టదు. ఆ మందుల్లో కొన్నిటి వల్ల పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోయే అవకాశం ఉంది. అరుదే, కానీ వస్తే వదలదు. తలకు, మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లూ తప్పకుండా చెప్పాలి.

లవంగం ఈ రాత్రి నుంచి మానేయండి. లవంగ నూనె నొప్పిని మొద్దుబారుస్తుంది, నిజమే, మేమూ దాన్ని మందుల్లో వాడతాం. కానీ రాత్రంతా ఒకేచోట నొక్కి ఉంచితే చిగురు కాలి తెల్లటి పొరలా ఊడివస్తుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. బుగ్గ బయట కాపడం వద్దు. నొప్పికి పారాసెటమాల్ చాలు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ లాంటివి స్టెంట్ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు. నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకున్నా, మింగడం కష్టమైనా, దవడ కింద మెడలోకి వాపు దిగినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, అర్ధరాత్రయినా సరే.

చూపు మాట. పళ్ల నరాలకూ చూపుకూ సంబంధం లేదు. పళ్లు పోయే వయసులోనే కళ్లజోడూ వస్తుంది, నింద పన్ను మీద పడుతుంది.

రెండు నెలలను ఇలా వాడుకోండి. మొదటి రెండు వారాల్లో వాపు పూర్తిగా తగ్గించుకుని, సీబీసీటీ తీయించుకుని, గుండె డాక్టరు దగ్గర చీటీ రాయించుకోండి. మీకు రైల్వే వైద్యం ఉంటే పెరంబూరు రైల్వే ఆసుపత్రి దగ్గరే. దేశంలో తొలి కరోనరీ బైపాస్ 1975లో డాక్టర్ చెరియన్ చేసింది అక్కడే, గుండె పేషెంట్లు వాళ్లకు కొత్త కాదు. పన్ను మాత్రం ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్, అంటే నోరు, దవడల ఆపరేషన్లు చేసే డాక్టరు, చేతుల మీదుగా తీయించుకోండి. ఫోర్ట్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనూ ఆ విభాగం ఉంది. మూడో వారంలో ఆపరేషన్ అయితే తర్వాత ఐదు వారాలు చేతిలో ఉంటాయి. వారం తర్వాత కుట్లు తీస్తారు. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య నొప్పి తగ్గాల్సింది పోయి చెవి దాకా లాగుతూ, నోరు వాసన వస్తే ఆ గుంటలో రక్తం గడ్డ ఊడిపోయిందని అర్థం. భయపడక్కర్లేదు, కడిగి మందు పెడితే తగ్గుతుంది, కానీ దానికి డాక్టరు అందుబాటులో ఉండాలి. అందుకే ప్రయాణానికి పది రోజుల్లోపు చేయించుకోవద్దు. ముందు పన్నుకు ఫిల్లింగో రూట్ కెనాలో కూడా వెళ్లేలోపే పూర్తి చేయించుకోండి. అక్కడ పళ్ల వైద్యం ఖర్చు మీ అమ్మాయిని అడిగితే తెలుస్తుంది, పాత పళ్ల సమస్యలకు ట్రావెల్ ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు.

ఆపరేషన్ తర్వాత నెలా నెలన్నర పాటు గట్టివి కొరకొద్దు. పన్ను తీసిన చోట దవడ కొంతకాలం బలహీనంగా ఉంటుంది. వయసు మీరినవాళ్లలో రెండు మూడు వారాలు గడిచాక, అంతా మానిపోయిందనుకుని గట్టిది ఏదో నమిలినప్పుడు దవడ విరిగిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. అమ్మాయికి తీసుకెళ్లడానికి జంతికలు, చెక్కలు ఎలాగూ చేస్తారు. కరకరలాడుతున్నాయో లేదో చూసే పని ఈసారికి మీవారికి అప్పజెప్పండి.

- ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్, చెన్నై