ప్రశ్నలు – జవాబులు: ఒలింపిక్స్‌లో ఆడిన ‘సార్’ ఎక్కడుంది?

ప్రశ్న: 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో పాల్గొన్న జట్ల జాబితాలో ‘సార్’ అన్న పేరు కనిపించింది. అలాంటి దేశం ఇప్పుడు లేదు కదా, ఏమైంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది ఫ్రాన్స్ సరిహద్దున ఉన్న నేటి జర్మనీ రాష్ట్రం సార్‌లాండ్. మనం బడిలో పిలిచే ‘సార్’తో దానికి చుట్టరికం లేదు, అది అక్కడ పారే నది పేరు. నగర రాష్ట్రాలను మినహాయిస్తే జర్మనీలో అతి చిన్న రాష్ట్రం ఇదే. జనాభా సుమారు పది లక్షలు.

దాని తగవంతా బొగ్గు గురించే. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత గనులు ఫ్రాన్స్‌కూ, పాలన నానాజాతి సమితికీ దక్కాయి. పదిహేనేళ్లకు, 1935లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి తొంభై మందికి పైగా జర్మనీనే కోరుకున్నారు. రెండో యుద్ధానంతరం మళ్లీ ఫ్రాన్స్ రక్షణ కిందికి వెళ్లినప్పుడే దానికి సొంత ఒలింపిక్ జట్టు, సొంత ఫుట్‌బాల్ జట్టు ఏర్పడ్డాయి. 1954 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో పశ్చిమ జర్మనీతో తలపడిన ఆ జట్టుకు శిక్షకుడు హెల్ముట్ షోన్. 1974లో పశ్చిమ జర్మనీకి కప్పు తెచ్చిన శిక్షకుడూ ఆయనే కావడం చరిత్ర చమత్కారమే. 1955లో ఐరోపా పర్యవేక్షణలో ఉండాలన్న ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించగా, 1957 జనవరి 1న ఆ ప్రాంతం పశ్చిమ జర్మనీలో కలిసింది. ఫ్రెంచి ఫ్రాంకులు మాత్రం 1959 దాకా చెలామణిలో ఉన్నాయి.

బొగ్గు తవ్వకం 2012లో ఆగిపోయింది. మూతపడిన ఫోల్క్‌లింగెన్ ఇనుప కర్మాగారం 1994 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. ఇక సెలవు రోజుల్లో, ముక్కాలి స్తంభానికి గొలుసుతో వేలాడదీసిన గుండ్రటి ఇనుప జల్లెడను కట్టెల మంటపై ఉయ్యాలలా ఊపుతూ మాంసం కాల్చుకోవడం అక్కడివారికి మహా ఇష్టం.