అమ్మ జీవితం గురించి కూడికలో ఏం చెప్పాలి? మా పర్లాకిమిడి అనుభవం

అమ్మ పోయి ఏడాది కావస్తోందని, జ్ఞాపకార్థ కూడికలో ఆవిడ గురించి మిమ్మల్నే చదవమన్నారని, "భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు" అని రాశాక ఇంక ముందుకి సాగడం లేదని అడిగారు కదా. మాది ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడి. మా అమ్మ కూడికకి రాసింది నేనే, అప్పుడు మాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు ఆ రెండు మాటలూ పక్కన పెట్టండి. అవి అబద్ధమని కాదు. ప్రతి తల్లి జ్ఞాపకార్థ కరపత్రం మీదా అవే ఉంటాయి, పేరు మార్చి చదివినా ఎవరికీ తేడా తెలీదు. ఆవిడ ఏం చేసేదో రాయండి. మా పాస్టరమ్మగారు ఆ రోజుల్లో నన్ను కూర్చోబెట్టి బైబిల్లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం తీయించారు. యొప్పే ఊళ్ళో దొర్కా అనే ఆవిడ చనిపోతే, యేసు శిష్యుడు పేతురు వచ్చేసరికి విధవరాళ్ళు ఏడుస్తూ నిలబడి ఏం చేశారు? ఆవిడ తమ మధ్య ఉన్నప్పుడు కుట్టిన అంగీలూ బట్టలూ తీసి చూపించారు. అంతే. సామెతలు 31 కూడా మళ్ళీ ఒకసారి చదవండి. 10 నుంచి చివరిదాకా 22 వచనాలు, గుణవతియైన భార్య అంటే చీకటితో లేచింది, పొలం చూసి కొంది, బీదవాళ్ళకి చెయ్యి చాపింది, ఇలా ఎక్కువగా పనులే కనిపిస్తాయి.

నేను మొదట రాసింది పిడికెడు బియ్యం గురించి. పొద్దున్న ఎసరు పెట్టి బియ్యం కడగబోయే ముందు అమ్మ ఒక పిడికెడు తీసి పొయ్యి గట్టు కింద పాత హార్లిక్స్ సీసాలో పోసేది, ఆదివారం చెంగు చాటున పట్టుకెళ్ళి స్త్రీల సమాజంలో ఇచ్చేది. చాలా సంఘాల్లో ఉన్న అలవాటే, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. కానీ నాన్న గుమస్తాగా చేసే రైసుమిల్లు మూతపడి ఇంట్లో చోడి (రాగి) అంబలితో గడిపిన రోజుల్లో ఆ సీసాలో చోడిపిండి పడేది. నాన్న చూసి "పిల్లలకే చాలకపోతే చర్చికా?" అని కేకలేశారు. అమ్మ ఎదురు చెప్పలేదు, తన గిన్నెలోంచి అంత తగ్గించుకుంది. ఇది మాకెవరికీ తెలీదు, మా అప్ప (అక్క) ఒక్కతే చూసిందట, కూడికకి వారం ముందు చెప్పింది. అందుకే రాయడానికి ముందు తోబుట్టువులందరినీ విడివిడిగా అడగండి. అందరూ ఒకచోట కూర్చుంటే పెద్దవాళ్ళు చెప్పిందే మిగిలినవాళ్ళూ చెప్తారు.

భార్యగా ఆవిడ గురించి రాయడం కష్టమైంది. నాన్న క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప చర్చికి వచ్చేవారు కాదు. రాత్రి కుటుంబ ప్రార్థనకి అమ్మ ఆయన చాప కూడా పరిచేది, ఆయన వీధి అరుగు మీద బీడీ కాలుస్తూ ఉండేవారు, అయినా మర్నాడు మళ్ళీ ఆ చాప పరిచేది, మా ముందు ఆయన్ని ఒక్క మాట అనడం నేను వినలేదు. పక్షవాతంతో ఆయన మంచం పట్టాక చాపలన్నీ ఆ గదిలోకి మారాయి. ఆయన చివర్లో మారుమనస్సు పొందారా అని కొందరు అడిగారు. నేనది రాయలేదు, అది ఆయనకీ దేవుడికీ మధ్య విషయం, అమ్మ గొప్పతనం చూపించడానికి దాన్ని వాడుకోకూడదనిపించింది.

ఆవిడ కోపం కూడా రాయండి. గోడ హద్దు దగ్గర తగువై అమ్మ మా చిన్నత్తతో చాలా ఏళ్ళు మాట్లాడలేదు. ఒక ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల (యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) జరుగుతుంటే రొట్టె పళ్ళెం తన దగ్గరికి వచ్చినప్పుడు, మనసులో తగువు పెట్టుకుని తీసుకోకూడదని, పక్కావిడకి అందించేసింది. పక్కన కూర్చున్న నాకు భయమేసింది. ఆ మధ్యాహ్నం ఎండలో నడిచి అత్త ఇంటికి వెళ్ళింది. అత్తని అడిగి ఒప్పించుకునే ఇది చదివాను. ఒప్పుకోకపోతే తీసేసేదాన్ని, బతికున్నవాళ్ళ పరువు ముఖ్యం.

తేదీల దగ్గర టెన్షన్ పడకండి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది చాలామందికి లెక్కకోసం వేసిన తేదీ. సంఘంలో బాప్తిస్మాల రిజిస్టరు చూడమనండి. మా బాప్టిస్టు సంఘాల్లో ఊహ తెలిశాక తమ విశ్వాసాన్ని ఒప్పుకుని బాప్తిస్మం తీసుకుంటారు కాబట్టి అది ఆవిడ సొంతంగా నిర్ణయం తీసుకున్న రోజు. మా అమ్మది పెళ్ళికి ముందే, మహేంద్రతనయ నదిలో. పుట్టిన తేదీ కంటే అదే నాకు ముఖ్యమనిపించింది.

బయటివాళ్ళనీ తప్పకుండా పిలవండి. మా ఇంటికి అడ్డాకులూ కొండచీపుర్లూ తెచ్చే సవర (కొండల్లో ఉండే గిరిజనుల) ఆవిడ వచ్చింది, మైకు ఇస్తే పట్టుకోలేదు, ఊరికే నిలబడి చెప్పింది. బిడ్డ కడుపులో ఉండగా కొండ దిగి వస్తే అమ్మ బేరం ఆడకుండా కట్టలన్నీ కొని, చద్దన్నం పెట్టి, పాత చీరలతో కుట్టిన బొంత ఇచ్చిందట. మాకు ఆ సంగతే తెలీదు. ఎవరో ఒకరికి ఫోన్ ఇచ్చి ఇలాంటివన్నీ రికార్డు చేయమనండి, ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ ఎక్కడ దొరుకుతారు?

ఇంకొకటి, ఇది మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకే తెలిసిన బాధ. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినా అమ్మ బైబిలు తెలుగే, బజారులో మాట ఒడియా, సవరవాళ్ళతో వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు. మా పిల్లలు చదివింది ఒడియా బళ్ళలో, తెలుగు అర్థమవుతుంది గానీ చదవలేరు. అందుకని పిడికెడు బియ్యం సంగతి మా తమ్ముడి కొడుకు చేత ఒడియాలో రాయించి వాడి చేతే చదివించాం. మీ పిల్లలకీ ఒక పేరా అప్పగించండి, ఇప్పట్నుంచే రాయనివ్వండి. మొత్తం పది నిమిషాలు దాటకుండా చూసుకోండి, రెండో కాపీ మీ తోబుట్టువు చేతిలో ఉంచండి, గొంతు పూడుకుపోతే వాళ్ళు అందుకుంటారు.