స్ప్లెండర్ మీద అరకు ఘాట్ ఎక్కొచ్చా? సమాధానం

హైదరాబాద్ నుంచి అరకు, 100 సీసీ స్ప్లెండర్, ఇద్దరు మనుషులు, ఎస్.కోట దాటాక ఘాట్‌లో బండి లాగదేమోనని టెన్షన్. అంతేగా బ్రదర్? లాగుతుంది. మూడో గేర్లో మూలగనివ్వకుండా ముందే రెండోదానికి దించండి. వెనక లారీవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి.

అసలు జాగ్రత్త దిగేటప్పుడు. డ్రమ్ బ్రేకులు తొక్కిపట్టి ఉంచితే వేడెక్కి సరిగా పట్టవు. అదే రెండో గేర్లో, క్లచ్ పట్టకుండా, ఇంజిన్‌తోనే వేగం ఆపుకోండి. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో మాత్రం దిగొద్దు (మా బావ దిగాడు, మలుపులో ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి).

వైజాగ్‌కే 600 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి రాత్రికి రాజమండ్రిలో పడుకోండి. హైవే మీద 55-60 చాలు. బయలుదేరే ముందు ఇంజిన్ ఆయిల్ మార్పించి, దారిలో 500 కిలోమీటర్లకోసారి చెయిన్‌కు ఆయిల్ వేయండి.