అమ్మతో అంటార్కిటికా: చిన్న ఓడకు అంత ఖర్చు పెట్టొచ్చా?

"అమ్మకు 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పెంగ్విన్లను చూడాలని ఎప్పటినుంచో కోరిక. పెద్ద ఓడవాళ్లు సగం ధరకే అంటార్కిటికా చూపిస్తామంటున్నారు. చిన్న ఓడకు రెట్టింపు పెట్టడం దండగా? అసలు ఈ వయసులో అమ్మ వెళ్లగలదా?" అని మీరు అడిగారు.

నేను 2024 డిసెంబరు చివర్లో మా అమ్మను తీసుకుని వెళ్లొచ్చాను. అప్పటికి అమ్మకు 66. కుడి మోకాలు అరిగిందని డాక్టరు చెప్పి నాలుగేళ్లయింది. అందుకే మీకు సూటిగా చెబుతాను. పెట్టగలిగితే చిన్న ఓడకే పెట్టండి. ఇప్పుడు కుదరకపోతే ఇంకో ఏడాది కూడబెట్టి అప్పుడు వెళ్లండి. పెద్ద ఓడలో వెళ్తే మీ అమ్మగారు అంటార్కిటికాను దూరం నుంచి చూస్తారు, నేల మీద కాలు మోపరు.

ఇది ఓడవాళ్ల పిసినారితనం కాదు, నియమం. అంటార్కిటికాకు యాత్రికులను తీసుకెళ్లే సంస్థలు 1991లో ఐఏఏటీఓ అనే సంఘంగా ఏర్పడ్డాయి. ఆ సంఘం నియమాల ప్రకారం 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ ఎవరినీ ఒడ్డున దింపకూడదు. దింపే ఓడలైనా ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దింపకూడదు. ఈ రెండో అంకెను బాగా గుర్తుపెట్టుకోండి, మీ డబ్బు విలువ తేలేది అక్కడే. మా ఓడలో 114 మందిమి. సగం మంది ఒడ్డున ఉంటే, మిగతా సగం రబ్బరు పడవల్లో మంచు దిబ్బల మధ్య తిరిగేవాళ్లం. గంటన్నర తర్వాత అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. అదే 400 మంది ఉన్న ఓడైతే వంతులవారీగా దిగాలి, మీ వంతు వచ్చేసరికి సగం రోజు కిటికీ దగ్గరే గడిచిపోతుంది. కాబట్టి గదికి బాల్కనీ ఉందా, ఎన్ని రకాల భోజనాలు పెడతారు అన్నవి తర్వాత చూడొచ్చు. ముందు "ఎంతమంది ప్రయాణికులు, రోజుకు ఎన్నిసార్లు దింపుతారు" అని అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఆ ఓడ వదిలేయండి.

మోకాళ్ల సంగతి. ఓడ పక్కన వేలాడే ఇనుప మెట్లు దిగి, జోడియాక్ అనే గాలి నింపిన రబ్బరు పడవలోకి కాలు పెట్టాలి. కింద పడవ అలతో పైకీ కిందికీ ఊగుతుంటుంది. పడవ నడిపేవాళ్లు మీ అరచేతిని కాక మోచేతి కింద పట్టుకుంటారు, మీరూ వాళ్లది అలాగే పట్టుకోవాలి. ఆ పట్టు జారదు. మా అమ్మ పుట్టిల్లు సఖినేటిపల్లి. నరసాపురం వెళ్లాలంటే పంటు మీద గోదావరి దాటడం చిన్నప్పటినుంచీ అలవాటు. "ఎప్పుడు కాలు తీసి వెయ్యాలో పడవే చెబుతుందే" అంటూ నాకంటే ముందు దిగింది. ఒడ్డుకు చేరాక పడవ అంచున కూర్చునే కాళ్లు అటు తిప్పి, పిక్కలలోతు నీళ్లలోకి దిగాలి. బూట్లు ఓడవాళ్లే ఇస్తారు. నీళ్లు లోపలికి రాని ప్యాంటు మాత్రం మీరే కొనుక్కోవాలి, అందులో పొదుపు వద్దు.

మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ముందే తెలుసుకోవాల్సినది ఇంకొకటి ఉంది. ఒడ్డున కూర్చోవడానికి లేదు. 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగం మీది పక్షుల్లో బర్డ్ ఫ్లూ వైరస్ తేలింది. బర్డ్ ఫ్లూ భయంతోనే నేల మీద కూర్చోవడం, మోకరిల్లడం, సంచి కింద పెట్టడం నిషేధించారు. గంటన్నర నిలబడటం అమ్మకు కష్టమైంది. మొదటి రోజే యాత్ర నాయకురాలికి ఈ సంగతి చెప్పాం. అమ్మకు రెండు చేతికర్రలు ఇచ్చి, అలసిపోయినప్పుడల్లా ముందుగా బయల్దేరే పడవలో ఓడకు పంపేది. పడవలో తిరిగే వంతులో మాత్రం మొత్తం కూర్చునే ఉంటాం. సీలులు, తిమింగిలాలు, నీలి మంచు ఎక్కువగా కనిపించేవి కూడా అప్పుడే. మీ అమ్మగారు ఒడ్డెక్కలేని రోజున్నా బాధపడకండి, పడవ ఎక్కగలిగితే చాలు.

ఇక డ్రేక్ పాసేజ్. అర్జెంటీనా కొసన ఉన్న ఉషుయాయాలో ఓడ ఎక్కాక, దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్య దాదాపు 800 కిలోమీటర్ల సముద్రం దాటాలి. రెండు రోజులు. ఆ అక్షాంశం దగ్గర భూగోళం చుట్టూ అడ్డుకట్ట వేసే నేలే లేదు. గాలి, అలలు తిరుగుతూనే ఉంటాయి. చిన్న ఓడ పెద్దదానికంటే ఎక్కువ ఊగుతుంది, ఈ ఒక్క విషయంలో పెద్ద ఓడదే పైచేయి. మాకు టికెట్లు చేసిపెట్టిన ఏజెంటు ఓడ ముందు భాగంలో గది ఇప్పించాడు. అలకు ముక్కు లేచి పడే చోటు అదే. అమ్మ ఒకటిన్నర రోజు మంచం దిగలేదు, మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. ఆ పూట నన్ను నేను ఎంత తిట్టుకున్నానో. మీరు ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో గది అడగండి. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక పనిచేయదు, ఓడ ఉషుయాయా ముందున్న బీగిల్ చానల్‌లో ప్రశాంతంగా సాగుతున్నప్పుడే వేసుకోవాలి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లకు ఏ మాత్ర సరిపడుతుందో ఇంటి దగ్గరే డాక్టరును అడిగి తెచ్చుకోండి.

అది ధనుర్మాసం. అమ్మ ఏటా తెల్లవారుజామున తిరుప్పావై పాశురం చదువుకుంటుంది. దక్షిణానికి వెళ్లేకొద్దీ అక్కడ తెల్లవారడమనేదే లేకుండా పోయింది. అర్ధరాత్రి దాటాక సూర్యుడు కాసేపు కుంగినా చీకటి పడదు. "పొద్దు పొడవడం ఎప్పుడని లెక్కపెట్టను?" అని అడిగింది. చివరికి గడియారంలో నాలుగున్నర చూసుకుని, మంచంలోనే లేచి కూర్చుని, బయట తెల్లటి వెలుగులో మంచు కొండ కదిలిపోతుండగా పాశురం చదివింది. ఆ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది ఆ గొంతే.

మొదట దిగింది హాఫ్ మూన్ ద్వీపంలో. గడ్డం కింద నల్ల గీత ఉండే చిన్‌స్ట్రాప్ పెంగ్విన్ల కాలనీ అక్కడుంది. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వాసన కొడుతుంది. ఎండుచేపల సంతా, కోళ్లఫారమూ కలిపితే వచ్చే వాసన. వాటి తిండి క్రిల్, రొయ్యపిల్లలాంటి ప్రాణి. అందుకే రెట్ట కూడా గులాబీ రంగులో ఉంటుంది. రెండు నిమిషాల తర్వాత ముక్కుకు అలవాటైపోతుంది.

పెంగ్విన్లకు అయిదు మీటర్ల దూరంలో ఉండాలి. మనం వాటి దగ్గరికి వెళ్లకూడదు. సముద్రానికీ గూళ్లకూ మధ్య నడిచీ నడిచీ అవి మంచులో కాలిబాటలు చేసుకుంటాయి. వాటిలో మనం అడుగు వేయకూడదు. మెత్తటి మంచులో మన కాలు దిగబడి గొయ్యి పడితే దాన్ని పూడ్చి వెళ్లాలి, లేకపోతే పెంగ్విన్ అందులో పడి ఇరుక్కుంటుంది. జనవరి 1న నెకో హార్బర్‌లో దిగాం. అక్కడివి జెంటూ పెంగ్విన్లు, నారింజ రంగు ముక్కు, కంటి పైన తెల్ల మచ్చ. గులకరాళ్లు పేర్చి గూడు కడతాయి. ఒకటి ముక్కున రాయి కరుచుకుని ఏటవాలు మంచు మీద పైకెక్కుతూ, జారిపడి, లేచి, మళ్లీ ఎక్కుతోంది. అమ్మ నా చెయ్యి పట్టి పక్కకు లాగింది. "దారివ్వవే, ఇంటికి సామాను మోసుకెళ్తోంది" అంది. అది గూడు చేరి రాయిని తన జత ముందు పెట్టింది. రెండూ తలలు వంచి, పైకెత్తి, బూరలా కూశాయి. పొదిగేది లేవగానే దాని కింద ఒక గుడ్డూ, బూడిదరంగు నూగుతో ఒక పిల్లా కనిపించాయి. ఇది గూట్లో కూర్చుంటే అది సముద్రంలోకి నడిచింది. మేం వాటిని చూస్తున్నంతసేపట్లోనే పక్క గూటిది వచ్చి ఆ రాయిని ఎత్తుకుపోయింది! రాయి దొరకడం అక్కడ అంత కష్టం.

నెకోలో ఎదురుగానే హిమానీనదం. దాని అంచు విరిగి నీళ్లలో పడితే అల ఒడ్డుకు కొట్టుకొస్తుంది, అందుకే దిగగానే మమ్మల్ని నీటి అంచు నుంచి పైకి నడిపించారు. ముందు చప్పుడు, పిడుగు పడ్డట్టు. తలతిప్పి చూసేసరికి విరగడం అయిపోయింది, లేచిన మంచు పొడి మాత్రమే కనిపించింది. వెలుగు శబ్దానికి ముందే చేరుతుందని చదువుకున్నా, అంత పెద్ద మంచుగోడ దగ్గర ఎక్కడ విరుగుతుందో ముందుగా కన్ను పట్టుకోలేదు.

మంచు చేసే చప్పుడు గురించి నాకెవరూ ముందు చెప్పలేదు. పడవ ఇంజిన్ ఆపేసి అందరినీ మాట్లాడొద్దన్నారు. నీళ్ల మీద తేలే చిన్న మంచు ముక్కల నుంచి చిటపటమని శబ్దం, నూనెలో ఆవాలు వేసినట్టు. వేల ఏళ్ల కింద పడిన మంచు పొరల కింద నలిగి, అందులో చిక్కిన గాలి బుడగలు కరిగేటప్పుడు పగులుతాయట. ఆ నలుగుడు వల్లే పాత మంచు నీలంగా కూడా ఉంటుంది. గాలి తక్కువై గట్టిపడిన మంచు ఎర్ర వెలుగును మింగేసి, నీలాన్ని వదులుతుంది.

విల్హెల్మినా బేలో హంప్‌బ్యాక్ తిమింగిలాలు. మళ్లీ ఇంజిన్ ఆపారు. మా పడవకు కాస్త దూరంలో రెండు తేలి ఊపిరి వదిలాయి. ఆ ఊపిరి చప్పుడు ఛాతీలో తగులుతుంది. ఒకటి తోకెత్తి మునిగింది. తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, వాటిని బట్టే ఏ తిమింగిలం ఏదో గుర్తుపడతారు. మర్నాడు డిసెప్షన్ ద్వీపంలో తుప్పుపట్టిన తిమింగిల నూనె బానలు చూశాం. 1912 నుంచి 1931 దాకా అక్కడ నార్వేవాళ్లు తిమింగిలాలను కాచి నూనె తీశారు. 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో చంపిన తిమింగిలాలు 20 లక్షలకు పైనే. ఆ బానల పక్కన నిలబడ్డాక ముందురోజు విన్న ఊపిరి ఇంకోలా అనిపించింది. హంప్‌బ్యాక్‌లు మళ్లీ పెరుగుతున్నాయి, వేట ఆపారు కాబట్టి.

ఇంకొక మాట ముందే మనసులో పెట్టుకోండి: ముందు రాసిచ్చిన కార్యక్రమం జరగదు. ఫొటోల్లో అందరూ చూపించే లెమేర్ చానల్ కోసం మేం పొద్దున్నే డెక్ మీద నిలబడ్డాం. దాదాపు 11 కిలోమీటర్ల సన్నని దారి, రెండువైపులా నిలువు కొండలు. ముఖద్వారం దగ్గరే మంచు కట్టుకుని ఉంది. కెప్టెన్ అరగంట చూసి ఓడ తిప్పేశాడు. కొందరికి కోపం వచ్చింది. అలా తిప్పే కెప్టెన్ దొరకడం అదృష్టమని నా నమ్మకం. అక్కడ ఓడకు ఏమైనా అయితే సాయం చేరడానికి రోజులు పడుతుంది. పెద్దాసుపత్రీ అంతే దూరం. అందుకే అత్యవసర తరలింపుతో కూడిన బీమా లేకుండా ఎక్కనివ్వరు. పాలసీలో "అంటార్కిటికా" అన్న మాట ఉందో లేదో చదువుకోండి.

మన పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు కొన్ని విషయాలు. అంటార్కిటికాకు వీసా లేదు, అది 1959లో దేశాలు చేసుకున్న అంటార్కిటికా ఒప్పందం కింద నడిచే నేల, అనుమతి ఓడవాళ్లు తెస్తారు. అర్జెంటీనా వీసా సంగతి మాత్రం నెలల ముందే తేల్చుకోండి. అర్జెంటీనా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం అడుగుతారు. ప్రయాణానికి పది రోజుల ముందైనా వేయించుకోవాలి. మేం హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో వేయించుకున్నాం. 60 దాటినవాళ్లకు ఆ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, కాబట్టి మీ అమ్మగారి విషయంలో డాక్టరుతో మాట్లాడాకే వేయించండి. ఉషుయాయాకు రెండు రోజుల ముందే చేరుకోండి. సూట్‌కేసు దారిలో ఆగిపోతే ఓడ మీ కోసం ఆగదు.

చలికి భయపడకండి. డిసెంబరు, జనవరిలో అక్కడ సున్నాకు అటూ ఇటూగానే ఉంటుంది, గాలి వీస్తేనే కష్టం. శాకాహారం సంగతి బుకింగ్ అప్పుడే చెప్పండి. అమ్మ కందిపొడి పట్టుకెళ్లింది, ఓడలో అన్నంలో కలుపుకుంది. ఒడ్డుకు మాత్రం ఏ తిండీ తీసుకెళ్లకూడదు. దిగే ముందు జేబులు, జిప్పులు, వెల్క్రో అన్నీ వాక్యూమ్‌తో శుభ్రం చేయిస్తారు, ఒక్క గడ్డి విత్తనం కూడా అక్కడ పడకూడదని.

"మన దేశపు మైత్రి, భారతి పరిశోధన స్టేషన్లు చూపిస్తారా?" అని చాలామంది అడుగుతున్నారు. చూపించరు. అవి ఖండానికి ఇంకో వైపున ఉన్నాయి, ఈ ఓడలు ఆ దరిదాపులకు వెళ్లవు.

బుక్ చేసే ముందు ఒక పని చేయండి. మీ అమ్మగారిని పాపికొండల లాంచీకో, మీకు దగ్గర్లోని పంటుకో తీసుకెళ్లండి. ఒకరి చెయ్యి పట్టుకుని ఊగే పడవలోకి దిగి, మళ్లీ ఎక్కి రాగలిగితే, ఇంట్లో ఇరవై మెట్లు ఆగి ఆగి అయినా ఎక్కి దిగగలిగితే, జోడియాక్ కూడా ఎక్కగలరు. అక్కడ తడబడితే దాచకుండా ఓడవాళ్లకు చెప్పి, వాళ్లేమంటారో విన్నాకే డబ్బు కట్టండి.