స్లో జ్యూసర్‌లో పిప్పి ఎక్కడ దాక్కుంటుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రోజూ పొద్దున్నే స్లో జ్యూసర్‌లో (పండ్లను స్క్రూతో నెమ్మదిగా పిండే యంత్రం) జ్యూస్ తీసుకుంటాం. తాగడం రెండు నిమిషాల పని, కడగడానికేమో ఇరవై నిమిషాలు పడుతోంది. ఫిల్టర్ రంధ్రాల్లో ఇరుక్కున్న పిప్పి ఎంత రుద్దినా రావడం లేదు. తేలిక మార్గం ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. తాగే ముందే కడిగేయండి. పిప్పి తడిగా ఉన్నంతసేపూ కుళాయి ధారకే జారిపోతుంది. అదే ఓ అరగంట ఆరిందంటే పీచు, పండ్లలోని చక్కెర, పెక్టిన్ అనే జిగురు పదార్థం కలిసి రంధ్రాల్లో బంకలా బిగుసుకుంటాయి. మీ ఇరవై నిమిషాలూ ఆ బంకతో కుస్తీకే పోతున్నాయి.

చివరి ముక్క వేశాక వెంటనే మోటారు ఆపకండి. అర నిమిషం తిరగనిస్తే లోపల మిగిలిన పిప్పి చాలావరకు బయటికి వచ్చేస్తుంది. తర్వాత జ్యూస్ కారే ముక్కుకున్న మూత బిగించి, పైనుంచి గ్లాసుడు నీళ్లు, అంటే సుమారు 200 మి.లీ., పోయండి. పది పదిహేను సెకన్లు తిరిగాక మూత తెరిచి ఆ నీళ్లు వదిలేయండి. ఇలా రెండుసార్లు చేయాలి. చాలామంది ఇక్కడితో శుభ్రం అయిపోయిందనుకుంటారు. కాలేదు, ఇది కేవలం తొలి జాడింపు.

ఇప్పుడు ప్లగ్ తీసేసి భాగాలన్నీ విడదీయండి. జ్యూస్ తీసేటప్పుడు పిప్పి ఫిల్టర్ లోపలి నుంచి బయటికి నొక్కుకుని రంధ్రాల్లో ఇరుక్కుంటుంది కాబట్టి, నీటి ధార బయటి నుంచి లోపలికి తగలాలి. లోపలి నుంచి ధార కొడితే ఇరుక్కున్నది ఇంకా గట్టిగా దిగుతుంది. ధార కిందే పట్టుకుని జ్యూసర్‌తో ఇచ్చిన గట్టి బ్రష్‌తో ముందు బయటివైపు, ఆపైన లోపలివైపు రుద్దండి. చివరగా ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. ప్రతి రంధ్రం లోంచీ వెలుతురు కనిపిస్తేనే పని అయినట్టు.

ఇప్పటికే ఎండిపోయిన పిప్పికి లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక టేబుల్ స్పూను వంటసోడా కలిపి, అరగంట నానబెట్టి ఇదే పద్ధతిలో కడగండి. పిన్నీసు, సూది మాత్రం వాడొద్దు. రంధ్రం కొంచెం పెద్దదైనా అక్కడినుంచి పిప్పి జ్యూస్‌లోకి దిగుతుంది. దాన్ని మళ్లీ సరిచేయడం కుదరదు.

ప్రశ్న: ప్రతిసారీ సబ్బుతో కడుగుతున్నా జ్యూసర్ పులిసిన వాసన వస్తోంది. కారణం ఏమిటి?

జవాబు: కంటికి కనిపించని చోట పిప్పి మిగిలి ఉంది. ముందుగా గిన్నెను తిరగేసి చూడండి. పిప్పి బయటికి పోయే దారి కింద చిన్న సిలికాన్ మూత ఉంటుంది. దాన్ని వేలితో పక్కకు లాగితే చాలాసార్లు నిన్నటి పిప్పి ముద్దగా బయటపడుతుంది. అది తీయకుండా మిగతావన్నీ ఎంత తోమినా వాసన పోదు.

తర్వాత ఫిల్టర్ చుట్టూ తిరిగే బ్రష్ సంగతి. దానికుండే సిలికాన్ పట్టీలు చాలా మోడళ్లలో ఊడివస్తాయి. వాటి గాడుల్లోనూ, పిండే స్క్రూ అడుగున ఉండే బోలు భాగంలోనూ, గిన్నె మధ్యలోని రబ్బరు రింగు కిందా తేమ నిలిచి బూజు పడుతుంది. వారానికి ఒకసారి ఇవన్నీ ఊడదీసి, సబ్బు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, మెత్తని పాత టూత్‌బ్రష్‌తో గాడి గాడినీ తోమండి. నల్ల చుక్కలు సిలికాన్ లోపలికే దిగిపోయి ఉంటే ఆ ముక్కను మార్చేయడం మంచిది. కడిగాక భాగాలను విడివిడిగా ఆరబెట్టండి. తడిగా బిగించి మూత పెట్టేస్తే వాసన మళ్లీ మొదలవుతుంది.

ప్రశ్న: జ్యూస్ ముక్కులోంచి కాకుండా గిన్నె కిందినుంచి కారి మోటారు మీద పడుతోంది. గిన్నె పగిలిందా?

జవాబు: చాలావరకు పగలదు. కడగడానికి తెరిచిన అడుగు సిలికాన్ మూతను తిరిగి నొక్కడం మరిచిపోవడమో, మధ్య రింగును తలకిందులుగా పెట్టడమో కారణం అవుతుంది. ఒక పరీక్ష చేయండి. గిన్నెను మోటారు మీద పెట్టకుండా విడిగా బిగించి, ముక్కు మూసి, పొడి గుడ్డ మీద ఉంచి, గ్లాసుడు నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఆగండి. గుడ్డ తడిస్తే, ఎక్కడ తడిసిందో చూస్తే లోపం ఎక్కడో తెలిసిపోతుంది. రింగు సరిగా పెట్టినా కారుతుంటే అది అరిగిపోయింది, కొత్తది వేయాలి.

గుడ్డ తడవకపోతే, జ్యూస్ తీసేటప్పుడు ముక్కు మూతను ఎక్కువసేపు మూసి ఉంచుతున్నారేమో గమనించండి. గిన్నె నిండిపోతే జ్యూస్ పిప్పి దారి పట్టుకుంటుంది. మోటారు మీద పడినదాన్ని ప్లగ్ తీసి తడిగుడ్డతో తుడవాలి. మోటారు భాగాన్ని ఎప్పుడూ కుళాయి కింద పెట్టకూడదు.

ప్రశ్న: మరిగే నీళ్లతో కడగవచ్చా? డిష్‌వాషర్‌లో వేయవచ్చా?

జవాబు: మరిగే నీళ్లు వద్దు. ప్లాస్టిక్ ఏమాత్రం వంకరపోయినా స్క్రూకీ ఫిల్టర్‌కీ మధ్య ఉండాల్సిన సన్నని ఎడం చెడిపోతుంది, పిప్పి తడితడిగా వస్తుంది. చెయ్యి పట్టగలిగే వేడి చాలు. మాన్యువల్‌లో పనికొస్తుందని రాసి ఉన్న భాగాలను మాత్రమే డిష్‌వాషర్‌లో వేయండి.

ప్రశ్న: క్యారెట్ వల్ల గిన్నె నారింజ రంగుకు తిరిగింది. ఫిల్టర్ మీదేమో తెల్లటి పొర. రెండూ పోవాలంటే?

జవాబు: రెండింటికీ మందు ఒకటి కాదు. క్యారెట్ రంగు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అందుకే సబ్బు ఒక్కదానికి లొంగదు. నాలుగు చుక్కల వంటనూనె గుడ్డకు అద్ది మరక మీద రుద్ది, పది నిమిషాలాగి సబ్బుతో కడగండి. బీట్‌రూట్ మరకకు నూనె పనిచేయదు, పైన చెప్పిన వంటసోడా నీళ్లు వాడాలి.

తెల్లపొర మామూలుగా నీటిలోని సున్నం. లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెట్టి, బ్రష్ చేసి, మంచినీళ్లతో బాగా జాడించండి. వంటసోడా, నిమ్మ ఉప్పు కలిపి వాడితే బాగా పొంగుతాయి గానీ ఒకదాని బలాన్ని ఒకటి చంపేస్తాయి. నానబెట్టినా పోని తెల్లదనం పీచు స్క్రబ్బర్ గీతలు కావచ్చు. ఆ గీతల్లోనే మరక త్వరగా పడుతుంది కాబట్టి స్క్రబ్బర్ ఇకనైనా మానండి.

ప్రశ్న: మధ్యలో బిగుసుకుపోయి ఆగిపోతోంది. మూత కూడా తిరగదు. కొన్నిసార్లు కీచుమని శబ్దం.

జవాబు: మూతను బలంగా తిప్పకండి, అంచులు విరుగుతాయి. రివర్స్ బటన్ ఐదు సెకన్లు నొక్కి, పూర్తిగా ఆగాక ముందుకు తిప్పండి. ఇలా రెండు మూడుసార్లు చేయండి. అప్పటికీ కదలకపోతే ప్లగ్ తీసి, గిన్నెను మూతతో సహా మోటారు మీదినుంచి ఎత్తగలిగితే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచండి. పిప్పి మెత్తబడి మూత వదులవుతుంది.

బిగుసుకోవడానికి ముఖ్య కారణం పీచు. అల్లం, సెలెరీ లాంటివి పొడుగ్గా వేస్తే స్క్రూకు తాడులా చుట్టుకుంటాయి. రెండు సెంటీమీటర్ల ముక్కలు కోయండి. గట్టి టెంకలు తీసేయాలి, గడ్డకట్టిన పండ్లు కరిగాకే వేయాలి. క్యారెట్ ఒక్కటే వరసగా వేయకుండా మధ్యమధ్యలో రసం ఎక్కువున్న పండు ముక్క వేస్తే లోపల తడి ఉంటుంది, కీచు శబ్దమూ తగ్గుతుంది. ఆ శబ్దం తరచుగా ఖాళీగా తిరుగుతున్నప్పుడు వచ్చేదే, నూనె వేయాల్సిన అవసరం లేదు.

అన్నీ సరిగా చేస్తున్నా పిప్పి తడిగానే వస్తుంటే భాగాలను వెలుతురులో పరిశీలించండి. స్క్రూ మీద గానీ ఫిల్టర్ అంచున గానీ వెంట్రుకంత పగులు కనిపించినా ఇక వాడకండి. ప్లాస్టిక్ ముక్క విరిగి జ్యూస్‌లో కలిసే ప్రమాదం ఉంది. మోడల్ నంబరు మోటారు అడుగున ఉంటుంది. విడిభాగం తెప్పించుకునేటప్పుడు అది చెప్పండి, చూపుకు ఒకేలా ఉన్న ఫిల్టర్లు కూడా మోడల్ మారితే సరిపోవు.